బియ్యమిచ్చిన ఇల్లు

పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు నీళ్ల ట్యాంకర్ డ్రైవర్ ఫోన్ చేశాడు. "మేడం, మీ అపార్టుమెంటు ఉప్పల్ కిందికొస్తదా, నాచారం కిందికొస్తదా?" అని అడిగాడు. నాచారం వైపు నుంచి రమ్మన్నాను. అతను వచ్చాడు, నీళ్లు నింపాడు, వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆ పూట వేరే పని చేయలేకపోయాను. ఆ రెండింటి మధ్య ఒక ఊరు ఉండేది. దానికి సొంత పొలిమేర ఉండేది. ఆ పొలిమేర ఏ రాయి దగ్గర మొదలై ఏ గోడ వెనక నుంచి తిరిగి వస్తుందో తెలిసినవాళ్లలో బహుశా నేనొక్కదాన్నే మిగిలాను.

మేము ఆ ఊరివాళ్లం కాము. నల్లగొండ వైపు నుంచి వచ్చాం. బాపు లారీ మీద ఉండేవాడు. నెలకు రెండుసార్లు వచ్చేవాడు, కొన్ని నెలలు ఒక్కసారే. అమ్మ మల్లాపూర్ పక్కన, మందు గోళీలను పట్టీల్లో నింపే ఫ్యాక్టరీలో పనిచేసేది. ఊరి నడుమ ఒక పాత పెంకుటింటి వెనక రేకుల గదిలో మేం కిరాయికి ఉండేవాళ్లం. ఇంటి యజమాని ఒక ముసలామె. నేను ఆమెను అవ్వా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను "కిరాయోళ్ల పొల్ల" అనేది. అందులో ఎగతాళి ఏమీ ఉండేది కాదు. ఆ ఊళ్లో ప్రతి మనిషికీ ఒక ఇంటిపేరో, చుట్టరికమో ఉండేది. నాకు అది ఉండేది.

గాలి మల్లాపూర్ నుంచి వీస్తే రంగుల వాసన, కాలిన రబ్బరు వాసన వచ్చేవి. నాచారం నుంచి వీస్తే ఎక్కడో ఏదో తియ్యగా కాలుతున్న వాసన వచ్చేది. అది బిస్కెట్లదని పిల్లలం అనుకునేవాళ్లం, వెళ్లి చూసినవాళ్లెవరూ లేరు. సాయంత్రమయ్యేసరికి ఈ వాసనలన్నిటి కింద నుంచి జొన్నరొట్టెల వాసన, చింతపులుసు పోపు వాసన బయటికొచ్చేవి. మా గదిలో మాత్రం ఏడు దాటితేగాని పొయ్యి వెలిగేది కాదు. అమ్మ పొద్దున ఏడింటికి పోతే మళ్లీ సాయంత్రం ఏడింటికే వచ్చేది. ఆదివారాలు కూడా పోయేది. వచ్చాక సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని అన్నం కలిపి పెట్టేది. ఎంత కడిగినా గోళీల పొడి పూర్తిగా పోయేది కాదు. అమ్మ పెట్టిన ముద్ద కొంచెం చేదుగా ఉండేది. అందరి అమ్మల చేతిముద్ద అలాగే ఉంటుందని చాలాకాలం అనుకున్నాను.

నాలుగింటికి బడి వదిలితే ఏడింటి దాకా నాకు ఎవరూ లేరు. ఆ మూడు గంటల్లో దొరికినవాడు నీరటి తాత.

నీరటి అంటే చెరువు నీళ్లను మడులకు వంతులవారీగా పంచేవాడు. తాత ఆ పని తండ్రి నుంచి నేర్చుకున్నాడు. నేను చూసేనాటికి చెరువులో సగం ప్లాట్లయింది, మడుల్లో ఇళ్లు లేచాయి. తాత మాత్రం సాయంత్రం నాలుగు కాగానే పార భుజాన వేసుకుని బయల్దేరేవాడు. సోడాబండి దగ్గర నిలబడే పడుచువాళ్లు ఊరుకునేవాళ్లు కాదు.

"తాతా, ఇయ్యాల ఏ మడికి నీళ్లిడుస్తున్నవ్?"

"నీ నెత్తికి బిడ్డా. ఎండి బీటలువారింది."

నేను అతని వెనక నడిచేదాన్ని. మొదట్లో పదడుగుల దూరంలో, తర్వాత పక్కనే. అతని కోడలు సర్వపిండి చేసిన రోజు కాగితంలో చుట్టి రెండు ముక్కలు తెచ్చేవాడు. లేని రోజు దారిలో రేగుపండ్లు, ఎవరి గోడ మీదుగానో వంగిన జామకొమ్మ. కాయ తెంపేది నేను, తిట్లు తినేది తాత. "నీరటోడా, ముసలితనంల దొంగతనమా!" అని ఆ ఇంటామె అరిస్తే, "నా నీళ్లు తాగి కాసిన చెట్టే గదమ్మా" అనేవాడు.

అతను తిరిగేది పొలిమేర వెంట. ఒకచోట నల్లరాయి ఉండేది. ఒకచోట రైలుకట్ట. ఒకచోట కత్వ, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు పొర్లిపోయే కాలువ. అప్పటికే అందులో పాలిథిన్ కవర్లు తప్ప ఏమీ పారేవి కావు. ఒకచోట అసలేమీ ఉండేది కాదు. అక్కడ తాత ఆగి చెప్పుతో నేలను రెండుసార్లు తట్టేవాడు.

"గీడ ఏమున్నది తాతా?"

"గీడ మనం ఆగుతం. గంతే."

కత్వకు అవతల రెండువందల అడుగుల దూరంలో నీలిరంగు గేటు కనబడేది. అమ్మ పనిచేసే ఫ్యాక్టరీ అదే. నేను అటు పోబోతే తాత చెయ్యి పట్టి ఆపేవాడు. "కత్వ దాటితే మనది గాదు బిడ్డా." ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

ఆ ఊళ్లో మూడేళ్లకోసారి ఊరు కట్టేవాళ్లు. ఊరి నడిబొడ్డున పాతిన రాయిని బొడ్రాయి అంటారు. దానికి పండుగ చేసి, ఇంటింటి నుంచి దోసెడు బియ్యం తీసుకుని, పసుపు, యాటపోతు రక్తం కలిపి, పొలి అనే ఆ బియ్యాన్ని పొలిమేర చుట్టూ చల్లేవాళ్లు. పొద్దు పొడిచినప్పటి నుంచి చల్లడం పూర్తయి దారులకు కట్టిన వేపతోరణాలు విప్పేదాకా, బియ్యమిచ్చిన ఇంటివాళ్లెవరూ పొలిమేర దాటకూడదు. దాటితే ఆ మనిషికి పొలి కాపు ఉండదు, కీడు ఆ సందులోంచి ఊళ్లోకి వస్తుంది. ఉద్యోగాలకు పోయేవాళ్లు కూడా ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉండేవాళ్లు. కిరాయివాళ్లను బియ్యం అడిగేవాళ్లు కాదు. అందుకని వాళ్లకు కట్టు లేదు, వచ్చేవాళ్లు రావచ్చు, పోయేవాళ్లు పోవచ్చు.

నాకు పదేళ్లప్పుడు ఊరు కట్టే ఏడాది వచ్చింది. ముందురోజు సాయంత్రం డప్పుతో, గంపతో ఇంటింటికీ వచ్చారు. గంప పట్టుకున్నది నీరటి తాత. పొలిమేర తెలిసినవాడే పొలి చల్లాలి, చల్లేవాడే బియ్యం తీసుకోవాలి. అవ్వ దగ్గర బియ్యం తీసుకుని వాళ్లు పక్కింటికి కదిలారు. మా గది వైపు ఎవరూ చూడలేదు.

నేను లోపలికి పోయి డబ్బా మూత తీసి, దోసిలి నిండా దొడ్డుబియ్యం తీసుకుని పరుగెత్తాను.

తాత నా చేతుల వైపు చూశాడు. "మీ అమ్మ జెప్పిందా?"

"జెప్పింది."

"ఇస్తే రేపు దాటొద్దు. ఎరుకేనా?"

"ఎరుకే."

గంప ముందుకు వంచాడు. నా బియ్యం అందరి బియ్యంలో పడ్డాయి.

ఏమీ తెలియక చేశానని తర్వాత చాలామంది అన్నారు, నేనూ కొన్నాళ్లు అలాగే చెప్పుకున్నాను. నిజం అది కాదు. బియ్యమిస్తే అమ్మ ఒక రోజంతా ఇంట్లో ఉండాల్సి వస్తుందని నాకు తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు. మా గోడ మీద క్యాలెండర్‌లో అమ్మ రోజూ ఒక గడి కొట్టేస్తుండేది. తొంభై రోజులు ఒక్క నాగా లేకుండా వస్తే పర్మనెంట్ చేస్తామని ఫ్యాక్టరీలో చెప్పారు. పర్మనెంట్ అయితే దవాఖానా కార్డు వస్తుంది. చలికాలంలో నాకు ఆయాసం వచ్చేది. ఆ కార్డు నా కోసం. ఇంక నాలుగు గళ్లు మిగిలి ఉన్నాయి. అన్నీ తెలిసే ఇచ్చాను.

ఏడింటికి అమ్మ వాకిట్లోకి రాగానే అవ్వ అందుకుంది.

"ఏందే, మాకు జెప్పకుంట బొడ్రాయికి బియ్యం బెడ్తివట! మస్తు ఊరిదానివైతివి పో!"

"నేనెప్పుడు బెట్టిన అవ్వా?"

"నీ బిడ్డ బెట్టింది. దోసిలి నిండ బెట్టిందట."

అమ్మ టిఫిన్ డబ్బా కింద పెట్టింది. నన్ను చూసింది, తలుపు సందులోంచి క్యాలెండర్ వైపు చూసింది. కొడుతుందనుకున్నాను. "నడువ్" అంది.

బొడ్రాయి దగ్గర మామిడాకులు కడుతున్నారు. ఊరి పెద్దమనిషి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. తాత చాప మీద బియ్యం పోసి పసుపు కలుపుతున్నాడు.

"పటేలా, నా బియ్యం నాకియ్యిండ్రి. పసిది, తెలవక ఇచ్చింది" అంది అమ్మ.

"కలిసిన బియ్యం ఎట్లేరుతవమ్మా? గింజల మీద నీ పేరున్నదా?"

కొందరు నవ్వారు. ఆకులు కడుతున్న ఒకామె తలెత్తకుండానే అంది: "కిరాయోళ్లకు బొడ్రాయెందుకో! ఇయ్యాలుంటరు, రేపు సామాను ఆటోల ఏసుకొని పోతరు."

"పోతమో ఉంటమో అక్కా, నాలుగేండ్ల సంది మీ బోరింగు నీళ్లే తాగుతున్నం" అంది అమ్మ.

పెద్దమనిషి చెడ్డవాడు కాదు. నెమ్మదిగానే చెప్పాడు. "ఒక్క దినం పోకుంటే ఏమైతది? కంపిని మునుగుతదా?"

"కంపిని మునగది పటేలా. నేను మునుగుత." అమ్మ తొంభై రోజుల సంగతి చెప్పింది. నా ఆయాసం సంగతి చెప్పలేదు.

"అయితే పోమ్మా. ఎవలు కాళ్లు కట్టేసిన్రు? కని రేపు ఎవలికి జరమొచ్చినా, ఏ బర్రె సచ్చినా నీ పేరే జెప్తరు. నిన్ను ఇంట్ల పెట్టుకున్న ముసల్ది గూడ ఊకోది. మల్ల నా మీదికి రావొద్దు."

అవ్వ మా వెనకే వచ్చి నిలబడి ఉంది. ఆ మాట కాదనలేదు. అమ్మ చెయ్యి నా భుజం మీద ఉంది. ఆ చెయ్యి బరువు పెరగడం నాకు తెలిసింది. పోతే ఇల్లు, పోకపోతే కొలువు. రెండిట్లో ఏది పోయినా అది నా దోసిలితో పోయినట్టే.

తాత నన్ను పిలిచాడు. "మీ అమ్మ జెప్పిందంటివి గద?"

నేను చాప వైపు చూస్తూ నిలబడ్డాను. అతను మళ్లీ అడగలేదు. చేతులకున్న పసుపు దులుపుకుని అమ్మనడిగాడు.

"నీ కంపిని ఏది బిడ్డా? కత్వకాడ నీలిగేటుదేనా?"

"గదే తాతా."

"మరి గది మన పొలిమేరల్నే ఉన్నది గద. గీ లొల్లేంది?"

పెద్దమనిషి కుర్చీలో ముందుకు వంగాడు. "కత్వ అవుతల మనదెట్లయితదే?"

"కత్వ మొదలు ఆడ పారలే. మా అయ్య కాలంల వరదొచ్చి ఇటు మర్లింది. అవుతల మూడు మడులు మనయే. గా మడులల్లనే షెడ్డు లేపిన్రు."

"మరి గిన్నేండ్లు కత్వ ఒడ్డుకెల్లే తిప్పుకొస్తివి గదనే?"

"గోడ అడ్డమొచ్చె. ఎవడు సుట్టు తిరగాలె అని తిప్పలే. మీరెవ్వలన్న అడిగిన్రా?"

అడిగినవాళ్లెవరూ లేరు. పొలిమేర విషయంలో తాత మాటకు పైమాట లేదు. రెండు కుటుంబాలు గట్టు కోసం కొట్టుకుంటే కూడా అతను చూపించిన చోటే రాయి పాతేవాళ్లు. పెద్దమనిషి కాసేపు తాత ముఖం చూసి, "అయితే సుట్టు తిరుగుండ్రి రేపు" అన్నాడు. అమ్మ వంగి తాత కాళ్లకు మొక్కబోయింది. తాత వెనక్కి జరిగాడు. అతను అంత వేగంగా జరగడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు అమ్మ ఎప్పటిలాగే పోయింది. నేను గుంపుతో పాటు నడిచాను. డప్పులు ముందు, వాటి వెనక తాత, నడుముకు గంప. "పొలి... పొలో పొలి" అని గొంతెత్తి పిడికిలి విసిరితే ఎర్రటి గింజలు దుమ్ములో పడేవి. నల్లరాయి దాటాం, రైలుకట్ట దాటాం. కత్వ దగ్గర అందరూ దిగి అవతలికెక్కారు. ఫ్యాక్టరీ గోడ వెంట నడుస్తుంటే లోపల మిషన్ల చప్పుడు, గోళీల చేదు వాసన. వాచ్‌మన్ స్టూలు మీద నుంచి లేచి చూశాడు. గోడకు అవతల అమ్మ ఉంది. మేం వచ్చినట్టు ఆమెకు తెలియదు. అప్పుడు నేను తాత పక్కనే ఉన్నాను. తాత గంపలో చెయ్యి పెడుతున్నాడు, పిడికిలి బిగిస్తున్నాడు, విసురుతున్నాడు. గోడ పక్కన నేల మీద ఒక్క గింజ పడటం లేదు. పిడికిలి ఖాళీ. నోటి నుంచి పొలి అనే మాట కూడా రావడం లేదు. డప్పుల మోతలో వెనకవాళ్లకు అది తెలియలేదు.

నేను అతని ముఖంలోకి చూశాను. అతను నా వైపు చూడలేదు.

ఊరేగింపు ముగిసి అందరూ బువ్వలకు కూర్చున్నాక, నాలుగింటికి తాత తువ్వాలలో ఏదో మూటకట్టుకుని బయల్దేరాడు. భుజాన పార లేదు. నేను వెంటపోయాను. కత్వ ఇవతలి ఒడ్డున, ఎప్పుడూ నడిచే దారిలో, మూట విప్పి చివరిదాకా పొలి చల్లుకుంటూ పోయాడు. అరవకుండా, మాట్లాడే గొంతుతో పొలి పొలి అంటూ. ఏమీ లేని చోట ఆగి నేలను తట్టాడు.

"తాతా, అమ్మ బయటనే ఉన్నది గదా? పొద్దుగాల మనం గూడ దాటినం గదా?"

"ఔ."

"ఏమన్నయితదా?"

"నీ మీదికి రాదు, మీ అమ్మ మీదికి రాదు. నా మీదికే రావాలని మొక్కిన." తువ్వాల దులుపుతూ అన్నాడు, "ఎవలికి జెప్పకు. మీ అమ్మకు అసలే జెప్పకు."

ఏమీ కాలేదు. ఎవరికీ జ్వరం రాలేదు, బర్రె చావలేదు, తాతకు కూడా ఏమీ కాలేదు. అమ్మ పర్మనెంట్ అయింది. ఆ చలికాలం నన్ను కార్డు మీద దవాఖానాకు తీసుకుపోయింది. మారిందల్లా అమ్మ మాట తీరు. అంతకుముందు "మీ ఊళ్లె" అనేది. ఆ పండుగ తర్వాత "మా ఊళ్లె" అనడం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లకు, "గీ కంపిని మా ఊరి పొలిమేరల్నే ఉన్నది, మా బియ్యం పడ్డ భూమి" అని చెప్పేదట. బాపు వచ్చినప్పుడు కూడా అదే చెప్పింది. నేను తల దించుకుని అన్నం తిన్నాను.

తాత సాయంత్రాలు నడవడం తగ్గించాడు. మళ్లీ ఊరు కట్టే ఏడాది వచ్చేసరికి గంప పట్టనన్నాడు. "కండ్లు కనవడ్తలేవు, వేరేటోన్ని సూసుకోండ్రి" అని పెద్దమనిషితో చెప్పాడు. నేను వెళ్లేసరికి గద్దె మీద కూర్చుని చాటలో కందిపప్పు ఏరుతున్నాడు. ఆవగింజంత రాళ్లను కూడా వేరుచేస్తున్నాడు.

"కనవడ్తలేవంటివి గద తాతా?"

"జర మెల్లగ మాట్లాడే." పప్పు ఏరుతూనే ఉన్నాడు. "గా దారెంట నేను నడిస్తె మల్లొక్కపారి అబద్దమాడాలె. నడవకుంటె ఒక్కసారి ఆడినట్టే."

ఆ ఏడాది కొత్తవాళ్లు చల్లారు. ముందుసారి చూసింది గుర్తుపెట్టుకుని ఫ్యాక్టరీ గోడ చుట్టూ నడిచారు, పిడికిళ్లు నిండుగా విసిరారు. ఇవతలి ఒడ్డు వైపు ఎవరూ రాలేదు. తాత గుప్పెడు పొలి తెప్పించి నా చేతిలో పెట్టి, "కాళ్లు నొస్తున్నయ్, నువ్వు పోయి రా" అన్నాడు. నేనొక్కదాన్నే పోయాను. అప్పటికి ఆ ఒడ్డు మీద ఒక అపార్టుమెంటుకు పునాదులు తీశారు. గుంతల పక్క నుంచి నడిచి చల్లాను. గొంతెత్తడానికి సిగ్గేసింది. లోపలే అనుకున్నాను. నాకు పదమూడేళ్లు. ఆ రోజు కనబడ్డ ఏ మనిషికీ నేనేం చేస్తున్నానో చెప్పలేకపోయాను.

ఆ తర్వాతి పండుగకు తాత లేడు. అతని కొడుకులను పొలిమేర గురించి అడిగితే ఫ్యాక్టరీ గోడనే చూపించారు. తప్పు దారి ఆ ఊరి దారి అయిపోయింది. దాన్ని సరిచేయాలంటే అమ్మ ఆ రోజు దాటిందని చెప్పాలి. చెప్పలేదు. రాష్ట్రం వచ్చిన ఏడాది ఒకసారి ఊరు కట్టారు. అప్పటికి బస్సులు తోరణాల కింద నుంచే పోతున్నాయి. బియ్యమిచ్చినవాళ్లే పొద్దున పోచారం ఆఫీసులకు పోయి సాయంత్రం వచ్చారు. ఎవరూ ఎవరినీ ఆపలేదు.

అమ్మ ఆ ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లు పనిచేసింది. ఆమె పోయి రెండేళ్లయింది. చివరి నెలల్లో ఆమె మంచం పక్కన కూర్చుని, చెబుదామా అని చాలాసార్లు అనుకున్నాను. ఒక మధ్యాహ్నం నోరు కూడా తెరిచాను. ఆమె అప్పుడు నర్సుతో మాట్లాడుతోంది. నర్సు ఏ ఊరని అడిగినట్టుంది. అమ్మ నల్లగొండ అనలేదు. మా ఊరి పేరు చెప్పింది. నర్సుకు ఆ పేరు తెలియదు. ఎక్కడుంటుందని అడిగితే, తలగడ మీద నుంచే చెయ్యెత్తి, ఎక్కడ మొదలై ఎక్కడిదాకా ఉంటుందో గాలిలో గీసి చూపించింది. ఆ గీతలో ఫ్యాక్టరీ కూడా ఉంది. నేను ఊరుకున్నాను.

ఇప్పుడు అక్కడ ఊరు కట్టడం లేదు.